పోలిక

ఇనుము ఏదున్నా తీసి ఇందులో వెయ్యమన్నాడు
కొత్తపేట స్కానింగు కుర్రాడు, నీలం ట్రే ముందుకు జరిపి.
మా అన్న నడుం దగ్గర కొక్కెం తీశాడు,
పదకొండేళ్లు మిర్చి టిక్కీల్ని వీపుకెత్తిన కొక్కెం.
యార్డు మానేసి రెండేళ్లయినా దాన్ని వదల్లేదు.
మెడలో సిలువ తీశాడు.
"ఇంకేమన్నా?"
అన్న కాసేపు ఆలోచించి
"వాళ్లను కూడా పెట్టనా?" అన్నాడు, ట్రే వైపు చూస్తూ.
కుర్రాడు నవ్వబోయి ఆగాడు.
నేను నవ్వాను. ఇంట్లో మేం నవ్వుతాం,
నవ్వకపోతే ఎట్టా.

వాళ్లు నలుగురు.
ఒకడిది కాటా దగ్గర లెక్క చెప్పే గొంతు.
ఒకామె అమ్మ కాదంటాడు గాని, దగ్గు మాత్రం అమ్మదే.
ఆమె దగ్గిన రాత్రల్లా అన్న లేచి
గ్లాసుడు నీళ్లు గూట్లో పెట్టి వస్తాడు.
ఎవరూ తాగని ఆ నీళ్లు
పొద్దున్నే బంతి మొక్కకు పోస్తాను.

జబ్బున్న మెదళ్లు రెండొందలు, లేనివి రెండొందలు కావాలంది
ప్రమీలారాణి డాక్టరమ్మ.
"తోడబుట్టినవాళ్లయితే మరీ మంచిది సువార్తా,
నువ్వు పోలిక కోసం."
పోలిక కోసం.
చిన్నప్పుడు మా వీధంతా అన్న మాటే.
ముక్కు, నుదురు, కోపమొస్తే ఎడమ కన్ను చిన్నదవడం,
అచ్చం మరియదాసు పోలికే అని.

అన్న గొట్టంలోకి వెళ్లాడు. గాజుకు ఇవతల నేను.
చెవిలో సన్నటి కూత వినిపిస్తే బటన్ నొక్కాలి.
వాళ్లు పెట్టిన కూతలు ముప్పై.
అన్న నొక్కినవి నలభై ఆరు.
కుర్రాడు పదహారింటి చుట్టూ సున్నాలు చుట్టాడు.
తప్పా అన్నాను.
తప్పని కాదంది డాక్టరమ్మ,
ఆ పదహారప్పుడు లోపల వినికిడి చోటు వెలిగిందా లేదా,
మేం వెతికేదే అది.
నాకు వెతకక్కర్లేదు.
గూట్లో గ్లాసు తెలుసు నాకు.

బయటికొచ్చినప్పుడు అన్న ముఖం తేటగా ఉంది.
"ఏం మోత సువార్తా! సమ్మెట దెబ్బలు.
వాళ్లు కూడా అరిచి అరిచి అలిసిపోయారు.
అది నాకొక్కడికే కాదు, నీకూ వినపడిందిగా?"
వినపడింది అన్నా.
మెట్ల కింద టీ కొట్టు వాడికీ వినపడి ఉంటుంది.
ఆ మాటకు ఎంత మురిసిపోయాడో.

నా వంతు. మెట్టెలు ఊడకపోతే సబ్బు రాసి లాగారు.
తొడిమలు తీసే చేతులు,
ఎంత కడిగినా కారం పోదు, ముక్కు రుద్దుకోవాలని ఒకటే తపన.
కదలొద్దన్నారు.
కూత. నొక్కా.
కూత. నొక్కా.
తర్వాత చాలాసేపు మోతే, టక టక టక టక,
ఆ టకటకల సందులో
ఎవరో దగ్గారు.

అమ్మ పోయి ఆరేళ్లు.

వేలు బటన్ మీదే ఉంది.
నొక్కలేదు.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది డాక్టరమ్మ.
ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాను.
పేర్లు మూసేస్తే తనకూ తెలియదట.
యార్డులో అయితే గుప్పెడు కాయ తీసి,
రంగు చూసి, ఒకటి విరిచి,
మొత్తం టిక్కీకి ధర కట్టేస్తారు.
ఇక్కడ నాలుగొందలూ కలిపి నూరితే గాని
గోరంచు తేడా తేలదట,
తేలినా అది ఫలానా మనిషిదని వేలు పెట్టి చూపలేరట.
అయినా నా కాగితం మీద నార్మల్ అని రాసి ఉంది.
అన్న దాన్ని రెండుసార్లు చదివి
"చాలా మంచిది" అన్నాడు,
కొక్కెం మళ్లీ నడుముకు తగిలించుకుంటూ.

ఆ రాత్రి అన్న గూట్లో నీళ్లు పెట్టి పడుకున్నాక
చప్పుడు కాకుండా లేచాను.
నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో
కాటుకతో గ్లాసు మీద చిన్న గీత గీశాను.

పొద్దున చూశాను.
అంతే ఉన్నాయి.
దాదాపు.